నా కూతురు ఆమె దగ్గర ఏడ్చింది

చనిపోయిన మనిషి మీద అసూయ పడటం తెలివితక్కువ పని. దానివల్ల ఆమెకు నష్టం లేదు, నాకు లాభం లేదు. ముప్పై ఏళ్ళు హైస్కూల్లో సైన్సు చెప్పినవాణ్ణి, అంతకన్నా ఎక్కువ కాలం సభల్లో హేతువాదం మాట్లాడినవాణ్ణి, ఈ సంగతి నాకు ఇంకొకరు చెప్పనక్కర్లేదు. అయినా పోయిన నెల ఆమె పోయిందన్న కబురు విన్నప్పుడు దుఃఖం కన్నా ముందు అసూయే వచ్చింది.

కబురు వచ్చిన తీరు అలాంటిది. ఆమె ఇల్లు మా ఇంటికి కిలోమీటరు దూరం కూడా ఉండదు. ఆమె కొడుకు రోజూ మా వీధిలోంచే ఆటో తోలుకుంటూ పోతాడు. కబురు మాత్రం విజయవాడ నుంచి వచ్చింది. అక్కడ ఉద్యోగం చేస్తున్న నా కూతురు ఫోన్ చేసి, "నాన్నా, పిన్ని పోయింది. బస్సెక్కాను" అని పెట్టేసింది. అంటే ఆ కొడుకు, తల్లి పోగానే, ముందుగా నా కూతురికి చెప్పాడు. పక్కనే ఉన్న నేను గుర్తు రాలేదు.

పిన్ని అంటే మాకు చుట్టం కాదు. మైలవరం రోడ్డులో ఉన్న మా ఎనిమిదెకరాల మామిడి తోటలో, ఏటా కోతల కాలంలో కాయలు ఏరి వేరు చేసే ఆడవాళ్ళకు ఆమె పెద్ద. ఇరవై ఏళ్ళు ఆ పని చేసింది. ఆమె పేరు ఇక్కడ రాయడం లేదు. ఒకసారి ఆమె అన్న మాటను నా వ్యాసంలో వాడుకుంటానని అడిగితే, "మాట వాడుకోండి మేష్టారూ. పేరు మాత్రం వెయ్యకండి. మా కోడలు పేపరు చదువుద్ది" అంది.

ఆమెను తలుచుకుంటే ముందు చేతులు గుర్తొస్తాయి. కోసిన కాయలు షెడ్డులోకి రాగానే ముచ్చిక తుంచి, సొన కిందికి కారేలా వరిగడ్డి మీద బోర్లించి పెట్టేది. కొత్తగా పనికొచ్చిన వాళ్ళెవరైనా గుడ్డ తీసుకుని సొన తుడవబోతే చేతి మీద ఒక్కటి వేసేది. తుడిస్తే అది కాయంతా పరుచుకుని తొక్క కాలుతుంది, నల్ల చారలు పడతాయి. దాని మానాన వదిలేస్తే కారి ఆగిపోతుంది. కాయ మాగిందో లేదో చూడటానికి ఆమె ఎన్నడూ నొక్కలేదు. అరచేతిలో పెట్టుకుని కాసేపు ఊరుకునేది. అంతే, తెలిసిపోయేది. "ఇయాళ నొక్కిన వేలు మూడోనాడు మచ్చై తేలుద్ది" అనేది.

కాయలకు మేము పెట్టుకున్న రకాలు కాక ఆమె సొంతంగా పేర్లు పెట్టింది. మచ్చలేని నున్నటి కాయలు పెళ్ళికూతుళ్ళు. గాలికి రాలి దెబ్బ తిన్నవి తాగుబోతులు. పైకి మంచి రంగు తిరిగి, కోస్తే పులుపు కొట్టేవి మేష్టార్లు. నేను పక్కనే నిలబడి ఉన్నా ఆ మాట దాచేది కాదు. "ఈ బుట్టలో మేష్టార్లు ఎక్కువ పడ్డారేంటే" అంటే మిగతావాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్ళు.

ఆమె నాతో వాదనకు దిగేది కాదు. అయినా నేను ఓడిపోయేవాణ్ణి. తోట గేటుకు దిష్టి తగలకుండా పాత చెప్పు కట్టించేది ఆమే. నేను ఊడదీసేవాణ్ణి. మర్నాటికి ఇంకో చెప్పు వేలాడేది. ఒక వేసవి అంతా ఇలా గడిచాక ఆమెను కూర్చోబెట్టి, పూత మాడడానికి తేనెమంచు పురుగు కారణమనీ, పిందె రాలడానికి నీటి ఎద్దడి కారణమనీ, చెప్పుకూ కాపుకూ సంబంధం లేదనీ అరగంట వివరించాను. శ్రద్ధగా విన్నది. "చెప్పు కడితే కాయ నిలవదని నాకు మాత్రం తెలవదా అండీ. కట్టకపోతే కావలి ముసలాయనకి నిద్ర పట్టదు. నిద్ర లేకపోతే పగలు కునుకుతాడు. ఆయన కునికితే కోతులు దిగుతాయి. ఇప్పుడు చెప్పండి, చెప్పు వల్ల కాయ నిలిచిందా లేదా?" అంది. కార్యకారణ సంబంధాన్ని నా మీదికే తిప్పింది. నేను ఆ చెప్పు కూడా ఊడదీశాను. కాని ఆ రోజు గెలిచానని ఎక్కడా చెప్పుకోలేదు.

ఇప్పుడు మా ఇంటి సంగతి చెప్పాలి. మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. పెట్టింది నేనే. ఎవరికి ఏది కావాలన్నా కారణం చెప్పి అడగాలి. "నాకిష్టం" అన్నది కారణం కింద చెల్లదు. పాప ఆరేళ్ళప్పుడు ఎర్ర రిబ్బను కావాలంటే మూడు కారణాలు చెప్పించాను. చెప్పింది. కొనిపెట్టాను. మిత్రుల ముందు ఆ మూడు కారణాలూ మళ్ళీ చెప్పించి మురిసిపోయాను. పెత్తనంతో కాకుండా వాదనతో నడిచే ఇల్లు కట్టుకున్నానని నా గర్వం. "నోర్మూసుకో" అని పిల్లల్ని పెంచే ఇళ్ళకన్నా అది వెయ్యి రెట్లు మంచి ఇల్లని ఇప్పటికీ అంటాను. అయితే కారణం దొరకని కోరిక కలిగినప్పుడు ఆ పిల్ల ఏం చేసేదో నేను గమనించలేదు. అడగడం మానేసింది. తనకు పదకొండో ఏట తల్లి పోయింది. ఆ తర్వాత మా ఇద్దరి మధ్య తిండి, ఫీజులు, దేశవార్తలు తప్ప వేరే మాట పుట్టలేదు. పాప నాతో ఒక్కసారి మనసు విప్పి మాట్లాడాలని నా కోరిక. ఒక్కగానొక్క కూతురు. ఆ కోరికకు నేనూ కారణాలు వెతుక్కోలేదు.

రెండేళ్ళ కిందట, మే నెలలో, పాప ఇక్కడే నూజివీడు క్యాంపస్‌లో ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం చదువుతోంది. మా చర్చావేదిక వాళ్ళం నెలకొక ఆదివారం మధ్యాహ్నం ఒక సినిమా చూసి దాని మీద మాట్లాడుకుంటాం. ఎప్పుడూ కూర్చునే హాలుకు మరమ్మతులు జరుగుతున్నాయని ఆ నెల మా తోట షెడ్డులో పెట్టుకున్నాం. తలుపులు మూస్తే చీకటి, గడ్డి పరిచి ఉంటుంది కనుక చల్లగానూ ఉంటుంది. ఈసారి సినిమా తను తెస్తానంది పాప. ఎందుకని అడిగాను. "చూస్తే తెలుస్తుంది" అంది. నియమం ప్రకారం ఆ జవాబు చెల్లదు. పదిమంది అప్పటికే వచ్చి కూర్చున్నారని ఒప్పుకున్నాను.

తీరా చూస్తే జపాను బొమ్మల సినిమా. పెద్దవాళ్ళం కూర్చుని బొమ్మలు చూడటమేమిటని నాకు చిరాకేసింది. కథ చిన్నది. ఒక రేవు పట్నంలో గొడుగులు బాగుచేసే కుటుంబం. అందులో ఒక అమ్మాయి. ఇంట్లో ఎవరితోనూ రెండు ముక్కలకు మించి మాట్లాడదు. బాగుచేయడానికి వచ్చిన గొడుగుల లోపలివైపు మాత్రం, ఎవరూ చూడకుండా రంగులతో బొమ్మలు వేస్తుంది. గొడుగు వేసుకున్న మనిషి వానలో ఆగి తలెత్తి చూస్తే తప్ప అవి కనపడవు. తండ్రి ఒకనాడు వాటిని చూస్తాడు. ఊళ్ళోవాళ్ళ గొడుగులు పాడు చేసిందని ఒక్కొక్కటీ గీకి చెరిపేస్తాడు. అతను చెడ్డవాడు కాదు. పని మీద నిష్ఠ ఉన్నవాడు.

మాటలు జపాను భాషలో. కింద అక్షరాలు ఇంగ్లీషులో. కోతల కాలం కాబట్టి షెడ్డు వెనకభాగంలో ఆమె, ఇంకో ముగ్గురు ఆడవాళ్ళు కాయలు వేరు చేసుకుంటూనే తెర వైపు చూస్తున్నారు. అది గమనించి పాప లేచి వెళ్ళి వాళ్ళ మధ్య కింద కూర్చుని, తెర మీది మాటలు తెలుగులో చెప్పడం మొదలుపెట్టింది. నాకు భలే సంతోషమేసింది. మన వేదిక చేయవలసిన పని ఇదే అని పక్కాయన చెవిలో అన్నాను కూడా.

చివర్లో తండ్రీ కూతుళ్ళు రేవు దగ్గర ఎదురుపడతారు. ఆ అమ్మాయి మొదటిసారి తండ్రి మొహంలోకి చూసి నోరు విప్పుతుంది. తెర మీద అక్షరాలు వచ్చాయి, పోయాయి. వెనక నుంచి పాప గొంతు వినపడలేదు. తిరిగి చూశాను. తెర వైపే చూస్తోంది. పెదవులు కదులుతున్నాయి, మాట రావడం లేదు. "ఏమంటందమ్మా?" అని ఆ ముగ్గురిలో ఒకావిడ అడిగింది.

అప్పుడు ఆమె, చేతిలో కాయ చేతిలోనే ఉంచుకుని, "ఏమంటది. నువ్వు గీకేసింది బొమ్మని కాదు నాన్నా, నన్ను అంటంది. అంతేగా పాపా?" అంది.

పాప తలూపింది. ఆమెకు జపాను భాష రాదు, ఇంగ్లీషు రాదు, తెలుగు చదవడం కూడా కూడబలుక్కోవాలి. తెర మీద ఉన్నది దాదాపు అదే మాట. నేను చదివాను కదా. ఇంగ్లీషు వచ్చిన పదిమందిమి ముందు కుర్చీల్లో కూర్చుని ఉన్నాం. ఆ పిల్లకు ఆ మాట అందించాలని ఒక్కడికీ తోచలేదు.

తర్వాత చర్చ. నేను ఇరవై నిమిషాలు మాట్లాడాను. ఈ సినిమా కన్నీళ్ళను సరుకుగా చేసి అమ్ముతోందన్నాను. గొడుగులు బాగుచేసేవాళ్ళ బతుకు ఎందుకు చితికిందో చెప్పకుండా ఒక తండ్రిని దోషిగా నిలబెట్టిందన్నాను. కుటుంబంలోని సమస్యను సమాజంలోంచి విడదీసి చూపడం మోసమన్నాను. ఆ మాటలు తప్పని నేనిప్పటికీ అనను. చప్పట్లు కొట్టారు. పని చేసేవాళ్ళు కూడా మాట్లాడాలన్నది మా వేదిక నియమం కనుక ఆమెను లేవమన్నాను.

"నాకు ఏడుపొచ్చిందండి" అని కూర్చోబోయింది.

ఎందుకు వచ్చిందో చెప్పమన్నాను.

"ఎందుకేంటండి. వచ్చింది."

అందరూ నవ్వారు. ఆ నవ్వుల్లో పాప నవ్వు కూడా వినపడింది. ఆ నవ్వు విని ఎన్నేళ్ళయిందో. దాన్ని ఆమె ఒక్క ముక్కతో తెప్పించింది. నాకు మొదటిసారి అసూయ పుట్టింది అప్పుడే.

అందరూ వెళ్ళాక షెడ్డు తాళం వేద్దామని వచ్చాను. బుట్టల వెనక నుంచి పాప గొంతు వినిపించింది. ఏడుస్తూ మాట్లాడుతోంది. ఆమె గడ్డి మీద కాళ్ళు చాపుకుని కూర్చుంది, పాప తల ఆమె ఒళ్ళో ఉంది.

"అమ్మని ఆస్పత్రి నుంచి తెచ్చినప్పుడు జడ గాజుగుడ్డతో కట్టి ఉంది పిన్నీ. విప్పి దువ్వుదామనుకున్నా. దువ్వెన కూడా తెచ్చుకున్నా. ఇంతలో నాన్న మైకు ఇచ్చాడు" అంటోంది.

ఆ రోజు ఏం జరిగిందో చెప్పాలి. నా భార్య తన దేహాన్ని వైద్య కళాశాలకు ఇవ్వమని రాసి పెట్టింది. ఇద్దరం కలిసి రాసుకున్నాం. దేహాన్ని రెండు గంటలు ఇంటి ముందు ఉంచి, సంస్మరణ సభ పెట్టి, కాలేజీ బండిలో పంపాం. మంత్రం లేదు, పిండం లేదు. నేను మాట్లాడాను. తర్వాత పదకొండేళ్ళ పిల్లకు మైకు ఇచ్చాను. "మా అమ్మ మరణం తర్వాత కూడా పాఠం చెబుతుంది" అని పాప చక్కగా, తడబడకుండా మాట్లాడింది. అందరూ కళ్ళు తుడుచుకున్నారు. ఆ సంగతి నేను ఎన్నో సభల్లో ఉదాహరణగా చెప్పాను. దేహదానం సరైన పని. నేను పోయినా అదే చేస్తారు. కాని ఏడవవలసిన పిల్ల చేతికి మైకు ఇవ్వడం మాలాంటివాళ్ళం తప్ప ఇంకెవరూ చేయని తప్పు. మంత్రాలు చదివించే ఏ ఇంట్లోనైనా ఆ పూట ఆ పిల్లను ఎవరో ఒకరు దగ్గరికి తీసుకుని ఉండేవాళ్ళు.

ఇదంతా ఇప్పుడు రాస్తున్నాను. ఆ సాయంత్రం బుట్టలు దాటుకుని వాళ్ళ ముందుకు వెళ్ళి నిలబడ్డాను. బండి వేళకు వచ్చేసిందనీ, ఆలస్యమైతే దేహం పనికిరాకుండా పోతుందనీ, మాట్లాడితే తనకు ధైర్యం వస్తుందనుకున్నాననీ వరసగా చెప్పాను. పాప లేచి కూర్చుంది. మొహం తుడుచుకుంది. "అవును నాన్నా. ఆ పరిస్థితిలో నువ్వు చేసింది కరెక్టే" అంది. మూడు కారణాలు చెప్పి రిబ్బను అడిగిన గొంతు అది. లేచి వెళ్ళిపోయింది.

ఆమె నా మీద కేక వేయలేదు. గడ్డి దులుపుకుంటూ, "సొన కారతా ఉంటే తుడుస్తారేంటి మేష్టారూ" అంది. బుట్ట పక్కకు జరిపి, "ఊళ్ళో అందరూ నన్ను నువ్వంటే మీరొక్కరే మీరంటారు. గౌరవం బానే ఉంది. చెప్పేది మాత్రం వినరు" అంది.

పాపకు ఉద్యోగం వచ్చి విజయవాడ వెళ్ళాక ప్రతి ఆదివారం పొద్దున ఇద్దరికి ఫోన్ చేసేది. నాతో నాలుగు నిమిషాలు. ఆమెతో ఎంతసేపో లెక్క లేదు. కోతల రోజుల్లో ఆమె షెడ్డు మెట్టు మీద కూర్చుని, ఫోన్ చెవికి ఆనించుకుని, నోరు కొంచెం తెరిచి వినేది. "ఆఁ", "అయితే", "తర్వాత" తప్ప ఏమీ అనేది కాదు. నేను నీళ్ళ మోటారు చూసే మిషతో అటూ ఇటూ నాలుగుసార్లు తిరిగేవాణ్ణి. ఒకసారి సిగ్గు విడిచి పాప ఏం చెబుతుందని అడిగాను.

"వంకాయ కూర మాడిపోయిందంట" అంది.

అంతేనా అన్నాను.

"రూములో పిల్ల గురక పెడతదంట. ఇంకా ఉన్నాయిలెండి. అయి పాప మాటలు. నేనెట్టా చెప్తాను."

పాపకు జీతం పెరిగిన సంగతి నాకు తెలుసు. ఏ ప్రాజెక్టులో వేశారో తెలుసు. కూర మాడిన సంగతి తెలియదు. ఒక తండ్రి మాడిన వంకాయ కూర కోసం అసూయ పడతాడని ఎవరైనా చెప్పి ఉంటే సభలో నిలబెట్టి ఎగతాళి చేసి ఉండేవాణ్ణి.

ఈ ఏడాది కోతలకు నేనొక నీచపు పని చేశాను. కాయలు ఏరడానికి ఈసారి వేరే ఊరి వాళ్ళను పిలవమని మేస్త్రీకి చెప్పాను. ఆమెకు తెలిసి మర్నాడు పొద్దున్నే ఇంటికి వచ్చింది. నేను కుర్చీ చూపించాను. కూర్చోలేదు. తనకు వయసైపోయిందనీ, ఎండలు ఎక్కువగా ఉన్నాయనీ, కొత్తవాళ్ళకు పని నేర్పాలనీ చెప్పాను. అంతా విని చిన్నగా నవ్వింది.

"పాప నాతో మాట్లాడుద్దని కోపం. అది ఒక్కటి చెప్తే సరిపోయేదిగా మేష్టారూ, మూడెందుకు?"

ఆ మధ్యాహ్నానికల్లా షెడ్డులో తన చోట కూర్చుని ఉంది. మేస్త్రీ నన్ను అడగలేదు, నేను ఏమీ అనలేదు. ఆ నెలన్నర ఆమె నాతో మామూలుగానే ఉంది. బుట్టలో మేష్టార్లను వేరు చేస్తూనే ఉంది. కోతలు అయిపోయిన రెండు వారాలకు గుండె ఆగి పోయింది.

నేను వాళ్ళ ఇంటికి వెళ్ళేసరికి ఆడవాళ్ళు లోపల స్నానం చేయిస్తున్నారు. మగవాళ్ళం బయట టెంటు కింద కుర్చీల్లో కూర్చున్నాం. పాప ఆటో దిగి నా ముందు నుంచే లోపలికి వెళ్ళింది. పేపరు చదివే ఆ కోడలే ఎదురొచ్చి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది. అరగంటకు బయటికి వచ్చినప్పుడు చున్నీ అంతా తడిసి ఉంది. లోపల ఏం చేసిందో తెలియదు. కొడుకు నా దగ్గరికి వచ్చి, అమ్మకు నేనంటే గౌరవమనీ, రెండు మాటలు చెప్పమనీ అడిగాడు. నేను చెప్పలేనన్నాను. నోరు తెరిస్తే నిజం చెప్పాలి. నా దగ్గరున్న నిజం ఆ టెంటు కింద చెప్పేది కాదు.

ఇంటికి వచ్చాక పాప వరండా మెట్ల మీద కూర్చుంది. నేను టీ పెట్టి తెచ్చి పక్కన కూర్చున్నాను. దారంతా ఒక వాక్యం కూర్చుకుంటూ వచ్చాను. అదే అన్నాను. ఆమెతో చెప్పుకునేవన్నీ ఇక నుంచి నాతో చెప్పుకోవచ్చని.

పాప టీ గ్లాసు వైపు చూసింది. జవాబు సిద్ధం చేసుకుంటోందనుకున్నాను. తర్వాత నా వైపు తిరిగింది.

"నీతో చెప్పడం నాకు రావట్లేదు నాన్నా" అంది. "ఈ రోజు కూడా బస్సులో అనుకుంటూ వచ్చా. రావట్లేదు." కళ్ళ నిండా నీళ్ళున్నాయి. తుడుచుకోలేదు. లేచి వెళ్ళలేదు.

నేను సరే అన్నాను. గ్లాసులో టీ చల్లారేదాకా ఇద్దరం అక్కడే కూర్చున్నాం.

రెండేళ్ళ ఆదివారాల్లో పాప ఆమెతో ఏమేం చెప్పుకుందో నాకిక తెలిసే దారి లేదు. అవన్నీ ఆమెవి, ఆమెతోనే పోయాయి. నాన్నతో చెప్పలేకపోతున్నానని కూడా ఆమెకు ఎన్నోసార్లు చెప్పుకునే ఉంటుంది. కాని ఆ మాట నా మొహంలోకి చూసి అన్నది నాతోనే. అది నా ఒక్కడిది.